మతిమరుపు కారు, మూడు తాళాలు

రెండో తేదీ

కార్ల షెడ్డులో పొద్దస్తమానం ఇనుముతో మాట్లాడే బావమరిదికి, ఇంట్లో నోరు విప్పలేని నీ బావ దీవెనలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నాకు గుసగుసలాడటం రాదని నీకు తెలుసు. నలభై ఏళ్ళు గంటలు కొట్టే గడియారాల మధ్య కూర్చుని రిపేర్లు చేసినవాణ్ణి. నేను ఫోనెత్తి హలో అంటే మేడమీద అద్దెకున్న నర్సమ్మ ‘ఎవరండీ’ అంటుంది. ఈ సంగతి మీ అక్క చెవిన పడకూడదు. నువ్వూ ఉత్తరమే రాయి. పోస్టు పదకొండింటికి వస్తుంది, ఆ వేళకి మీ అక్క స్కూల్లో లెక్కలు చెబుతూ ఉంటుంది.

కారు రెండో తాళం పోగొట్టాను. ఎప్పుడు, ఎక్కడ అని అడగకు, అదే తెలిస్తే పోగొట్టడం ఎలా అవుతుంది? బీరువా సొరుగులో ఉండాలి, లేదు. ఇదివరకు మూడు గొడుగులు, రెండు కళ్ళజోళ్ళు పోగొట్టాను. ఒకసారి ఏకంగా మీ అక్కనే బస్టాండులో మరిచిపోయి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను. కాబట్టి ఇదీ నా ఘనకార్యమేనని విచారణ లేకుండానే ఒప్పేసుకున్నాను. మూడో గొడుగు పోయిన రోజు మీ అక్క తీర్పు చెప్పేసింది. ఇంకొక్క వస్తువు పోతే కారు తాళాలు ఆవిడ స్వాధీనం.

ముప్ఫయ్యో తేదీన ఆవిడ రిటైరవుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో నిలబడి ఉద్యోగానికి వెళ్ళిన మనిషిని, ఆఖరి రోజు కారులో స్కూలు గేటు దాకా తీసుకెళ్తానని మాటిచ్చాను. తాళాలు లాగేసుకుంటే ఆ మాట గంగలో కలిసినట్టే.

అందుకని అలాంటిదే ఇంకో రిమోట్ తాళం కొన్నాను. తాళాల షాపువాడు ఇనుప భాగం కోసిచ్చాడు. దాంతో తలుపు తెరుచుకుంటోంది, ఇంజినూ స్టార్టవుతోంది. బటన్లు నొక్కితే మాత్రం కారు నా వంక కూడా చూడటం లేదు. షోరూముకి పట్టుకెళ్తే వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తారు, అది మీ అక్క ఎత్తుతుంది. ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఉందటగా, రాయి. వెంట్రుకంత స్ప్రింగులు బిగించిన చేతులివి, బోడి బటన్‌కి లొంగుతాయా?

ఇట్లు,
నీ బావ

తా.క.: గేటు స్తంభం ఈ నెలలో రెండోసారి కారుకి అడ్డొచ్చింది. ముందు దీపం పగిలింది. స్తంభాన్ని కాస్త పక్కకి జరపడానికి మేస్త్రీతో మాట్లాడుతున్నాను.


ఐదో తేదీ

స్తంభాలను కూడా వదలని బావగారికి, బావమరిది నమస్కారాలు.

అక్కకి చెప్పనని ఒట్టు. పద్ధతి చెబుతాను, పక్కన కాగితం పెట్టుకుని చేయండి.

కార్లో కూర్చుని తలుపులన్నీ వేసుకోండి. తాళం పెట్టి పది సెకన్లలో ఐదుసార్లు ఆన్, ఆఫ్ తిప్పండి. ఐదోసారి ఆన్‌లోనే వదిలేయండి. తలుపుల లాకులు టకటకమని పడి లేస్తాయి. కారు వినడానికి సిద్ధమైందని అర్థం. అప్పుడు కొత్త రిమోట్ బటన్ నొక్కి పట్టుకోండి. మళ్ళీ టక్ అంటే దాన్ని గుర్తుపెట్టుకున్నట్టు. వెంటనే పాత రిమోట్ కూడా నొక్కండి.

ఇది మరిచిపోవద్దు. ఇలా చేసిన ప్రతిసారీ ఈ కారు పాత పరిచయాలన్నీ తుడిచేసుకుంటుంది. ఆ నిమిషంలో దాని ముందున్న రిమోట్లే దానికి చుట్టాలు. ముందు లేనివి పరాయివి. రిమోట్‌తో లాక్ చేసిన కారుని ఇనుప తాళంతో తెరిస్తే సైరన్ మోగుతుంది, అదీ చూసుకోండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మేస్త్రీని పిలిచే ముందు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.


తొమ్మిదో తేదీ

గురువైన బావమరిదికి, శిష్యుడైన బావ ఆశీస్సులు.

కళ్ళ డాక్టరు మాట ఎత్తకు, ఆడలేక మద్దెల ఓడు అనే రకం కాదు నేను. ఆ స్తంభం నిజంగానే వంకర.

ఏడో తేదీ సాయంత్రం పని మొదలుపెట్టాను. పది సెకన్లు లెక్కపెట్టడానికి నా పాత స్టాప్‌వాచీ డాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. మొదటిసారి ఆరుసార్లు తిప్పాను. రెండోసారి తలుపు వేయడం మరిచాను. మూడోసారి అన్నీ సరిగ్గా చేసి, రిమోట్ అనుకుని కళ్ళజోడు పెట్టె నొక్కి పట్టుకున్నాను. ఎంతకీ టక్ అనలేదు. నాలుగోసారి అంది. కొత్తదీ పాతదీ రెండూ పలికాయి. కార్లోనే కూర్చుని నా వీపు నేనే తట్టుకున్నాను.

మర్నాడు తెల్లారి వాకింగ్ నుంచి వచ్చేసరికి నర్సమ్మ మెట్ల దగ్గర ఎదురైంది. ‘మీ కారు ఐదున్నరకి అరిచింది. పిల్లి అనుకుంటా’ అంది. సాయంత్రం బటన్ నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. కొత్తది సరే, పదేళ్ళు నమ్మకంగా పనిచేసిన పాతదీ చచ్చిపోయింది. ఇనుప తాళంతో తెరిచాను, సైరన్ వీధంతా లేపింది. మీ అక్క వరండాలో పేపర్లు దిద్దుతోంది. ఏమిటా గోల అని అడుగుతుందేమోనని కారు వెనక నక్కాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. అదృష్టమంటే ఇదీ.

మళ్ళీ ప్రోగ్రాం చేశాను. ఇవాళ సాయంత్రానికి మళ్ళీ పోయింది. ఎందుకు?

ఇట్లు,
నీ బావ

తా.క.: ఇంకో వింత. సీట్లో కూర్చుంటే మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి. వయసు మీదపడితే మనుషులు కుంచించుకుపోతారంటారు. నేను పొడుగవుతున్నాను.


పన్నెండో తేదీ

ఎదిగే వయసులో ఉన్న బావగారికి, నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అదే రోజు ఇంకో ఉత్తరం కూడా అందింది, దాని సంగతి మీకు అనవసరం.

నా మాట వినండి. ముప్ఫయ్యో తేదీ దాకా ఆ రిమోట్ జోలికి వెళ్ళకండి. మీ పద్ధతిలో తప్పు లేదు, చేతుల్లోనూ తప్పు లేదు. కారణం చెప్పడానికి నాకు వీల్లేదు. మీకు ఒట్టు వేసినట్టే నేను ఊళ్ళో ఇంకొందరికి కూడా ఒట్లు వేస్తుంటాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీరు పొడుగవుతున్నారని నేను అనుకోను. అంతకుమించి అనుకోవడానికి కూడా నాకు వీల్లేదు.


పద్దెనిమిదో తేదీ

విద్య దాచుకునే బావమరిదికి, బావ.

దీవెనలు రాయలేదు, గమనించు. కారణం తెలిసీ చెప్పవా? మీ అక్కని చేసుకున్న కొత్తల్లో నీకు సైకిల్ తొక్కడం నేర్పింది ఎవరు? నిన్ను గోడకి గుద్దింది కూడా నేనే అనుకో, కానీ నేర్పింది నేనే.

నువ్వు వద్దన్నాక పట్టుదల పెరిగింది. పదమూడు నుంచి పదిహేడు దాకా రోజూ సాయంత్రం ప్రోగ్రాం చేశాను. రోజూ పలికింది, తెల్లారేసరికి రోజూ మరిచిపోయింది. మతిమరుపులో నన్ను మించిన జీవి ఈ ఇంట్లో ఇంకొకటుందని ఇప్పుడే తెలిసింది. కారు తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి అరుస్తోంది. మా సందులో కొందరు దాన్ని బట్టి పాలు పొయ్యి మీద పెట్టుకుంటున్నారు.

నిన్న అద్దాలన్నీ మూసుకుని తాళం తిప్పుతూ, స్టాప్‌వాచీ చూస్తూ, పైకి లెక్కపెడుతుంటే నర్సమ్మ వచ్చి కిటికీ కొట్టింది. నాడి చూస్తానంది. చూసి, ‘బాగానే ఉంది, మరి ఏమిటిది’ అంది. ధ్యానం అన్నాను. నమ్మలేదు కానీ ఎందుకో నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది.

మీ అక్క ఒక్కసారన్నా అడిగితే బావుండు, అబద్ధం సిద్ధంగా పెట్టుకున్నాను. సైరన్ మోగినప్పుడల్లా ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా మౌనంగా ఉంటున్నాం. నేనెందుకు ఉంటున్నానో తెలుసు, ఆవిడెందుకో అర్థం కావడం లేదు. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఆవిడ తాళాలు లాగేసుకుంటే, ఆఖరి రోజూ బస్సులోనే నిలబడి వెళ్తుంది. ఆ బాధే నన్ను తినేస్తోంది, తాళం కాదు.

ఇట్లు,
నీ బావ

తా.క.: పెట్రోలు కూడా తొందరగా అయిపోతోంది. ఈ ప్రోగ్రామింగు పెట్రోలు తాగుతుందా?

ఇంకో తా.క.: అద్దంలో వెనక రోడ్డు కనిపించడం లేదు, నా చొక్కా గుండీ కనిపిస్తోంది. ఇదీ నా ఎత్తు మహిమేనా?


ఇరవై నాలుగో తేదీ

లెక్కల టీచరమ్మకి, లెక్కల్లో నీ చేత మొట్టికాయలు తిన్న తమ్ముడి నమస్కారాలు.

అక్కా, రిమోట్ మళ్ళీ చచ్చిందని రాశావు. ఏం చేస్తాం, మళ్ళీ ఐదుసార్లు తిప్పు. కారణం అడగకు. ఎనిమిదో తేదీ తెల్లవారుజామున ఫోన్ చేసి పద్ధతి అడిగి, నువ్వు మొదటిసారే తప్పు లేకుండా చేసేశావు, కొందరికి నాలుగుసార్లు పడుతుంది.

లైసెన్సు పరీక్ష పాసయ్యావని, బావ వాకింగుకి వెళ్ళే వేళలో నీకు నడపడం నేర్పుతున్న నర్సమ్మ రాసింది. స్తంభాన్ని తాకకుండా వెనక్కి కూడా తీస్తున్నావట. రెండు నెలల క్రితం బీరువాలోంచి ఆ తాళం తీసుకుంటూ నువ్వన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ‘ఆయన కళ్ళు గడియారాలకి అరిగిపోయాయిరా. చీకటి పడితే ఎదుటి మనిషి ఆనడం లేదు. ఆపమంటే ఆయన మనసు విరిగిపోతుంది. నేను నేర్చుకుంటే ఎప్పుడో ఒకరోజు అడగకుండానే పక్కకి జరుగుతారు’ అన్నావు.

ముప్ఫైన ఆయన తీసుకెళ్తానన్నారని, కాదనలేక, భయంతో నిద్ర పట్టడం లేదని రాశావు. నేనేం చెప్పను. నోరు విప్పనని ఒట్టు వేయించుకున్నావు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: దిగేటప్పుడు సీటు వెనక్కి జరుపు. అద్దం పైకి తిప్పు. కొంప ముంచుతావు.


ముప్ఫయ్యో తేదీ, సాయంత్రం

బావమరిదికి, బావ దీవెనలు, ఈసారి రెట్టింపు.

నీ ఉత్తరం ఇరవయ్యారున అందింది. కవరు మీద నా పేరు, లోపల మీ అక్క. మొదటిసారి చదివి, పాపం ఎవరి అక్కో అనుకున్నాను. రెండోసారి చదివితే కోపమొచ్చింది. మూడోసారి చదివి దుకాణం నాటి బల్ల ముందు కూర్చున్నాను. గోడ గడియారం వంక చూశాను. సెకన్ల ముల్లు కనపడలేదు. మూడడుగులు దగ్గరికి వెళ్ళినా కనపడలేదు. ఆ గడియారం నేను బిగించిందే. అప్పుడు స్తంభానికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

రెండు నెలలుగా ఇంట్లో ఒక మనిషి నా కోసం భయపడుతుంటే, నేను పొడుగవుతున్నానని సంబరపడ్డాను. నావంటి తెలివైనవాణ్ణి మ్యూజియంలో పెట్టాలి.

నాలుగు రోజులు ఏమీ ఎరగనట్టే ఉన్నాను. ఇవాళ పొద్దున్న కారు దగ్గర నిలబడి, మోకాలు పట్టేసింది, నడపలేను అనే అబద్ధం కంఠతా పట్టుకుంటున్నాను. మీ అక్క సంచి తగిలించుకుని వచ్చింది. నేను నోరు తెరిచేలోపే, ‘ఆ కొత్త రిమోట్ కూడా తీయండి. మూడూ ఒకేసారి పెడదాం’ అంది.

నాకు రాసిన ఉత్తరం ఆవిడకి స్కూల్లో అందిందట, అదే ఇరవయ్యారున. అందులో మళ్ళీ నా కళ్ళ గురించీ, నేను పోగొట్టాననుకున్న తాళం గురించీ, కొన్న రిమోట్ గురించీ రాశావట. ఇద్దరం నాలుగు రోజులు ఒకరికొకరం తెలియనట్టు నటించాం, ఒకే పప్పు వడ్డించుకుంటూ.

ఇద్దరం కార్లో కూర్చున్నాం. నేను స్టాప్‌వాచీ పట్టుకున్నాను. ఆవిడ ఐదుసార్లు తిప్పింది, తొమ్మిది సెకన్లే పట్టింది. టక్, టక్, టక్. మూడూ పలికాయి. ఆవిడ అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉంది, దిగమని నేననలేదు. వచ్చే మంగళవారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మాత్రం అడిగాను. ఆవిడ అద్దం సరిచేసుకుంది. తర్వాత గేరు వేసింది.

భలే నడుపుతుంది. నాకంటే బాగా అని ఆవిడ ముందు అనలేదు, నీకు రాస్తున్నాను. గేటు దగ్గర టీచర్లంతా బయటికొచ్చారు. నేను ముందు దిగి తలుపు తీసి పట్టుకున్నాను. మాట నిలబెట్టుకున్నానో లేదో తెలియదు కానీ నా ఛాతీ ఉబ్బిపోయింది. తిరిగి వెళ్దామని తాళం కోసం చెయ్యి చాపాను. మీ అక్క దాన్ని సంచిలో వేసుకుంది. ‘సాయంత్రం నాకు కారు కావాలి. మీరు బస్సులో ఇంటికెళ్ళండి’ అంది.

బస్సు కిటకిటలాడుతోంది. కడ్డీ పట్టుకుని ఇంటిదాకా నిలబడే వచ్చాను. గంటన్నర. రోజుకి రెండుసార్లు, ముప్ఫై ఒక్క ఏళ్ళు. నేనెప్పుడూ ఆ లెక్క వేయలేదు.

ఇట్లు,
ప్రయాణికుడైన నీ బావ

తా.క.: కవర్లు పొరపాటున మారాయని నాకు చెప్పకు. ఇంజిను మొత్తం విప్పి చీకట్లో బిగించినా ఒక్క నట్టు మారనివ్వవు నువ్వు. ఒట్టు తప్పకుండానే చిక్కు తీర్చావు, బతికించావు.

ఇంకో తా.క.: బస్సు దిగాక జేబు తడుముకున్నాను. కొత్త రిమోట్ లేదు. ఎక్కడ పడిపోయిందో ఏమో. మీ అక్కకి చెప్పకు.

తమ్ముడూ, ఈ కవరు అంటించి పోస్టులో వేయమని నాకే ఇచ్చారు. ఆ రిమోట్ నా సంచిలోనే ఉంది. రెండు రోజులు వెతకనీ. — అక్క