పేరు లేని ఏలిక

రాబిగ్, సౌదీ అరేబియా,
శుక్రవారం

తెలుగు సంఘం కార్యదర్శి ధర్మరాజుకు,

బాబూ, నేను నర్సు షాలిని వాళ్ల మామ్మను, ఈ ఉత్తరం రాస్తున్నాను. సంఘం సంచికలో నా కథ ఉండాలంటే క్షమాపణ పత్రం ఇవ్వాలన్నావట. డెబ్బై నాలుగేళ్లకు అచ్చవబోతున్న మొదటి కథ, వదులుకోలేను.

నేను రాసింది రెండువేల తొంభై నాటి ఊహాలోకం. అక్కడ ఏలిక బొమ్మ లేనిదే బియ్యం సంచి కుట్టరు. ఆయన దగ్గినా జనం చప్పట్లు కొట్టాలి. ఎన్ని కొట్టారో వాళ్ల ఫోనే లెక్కపెట్టి పైకి చేరవేస్తుంది.

మొన్న మీ కమిటీ సభ్యుడు, ఒక పార్టీ అభిమాని జాబేజ్ ఇంటికొచ్చాడు. "ఆ దగ్గు మా నాయకుడిదే కదండీ మామ్మగారూ! ఆయన మీద ఇంత కచ్చేంటండీ?" అన్నాడు. అతని టీ చల్లారకముందే అవతలి పార్టీ సదానందం దిగాడు. "సంచి మీద బొమ్మ మా సార్‌దే. గట్ల రాస్తరా అమ్మా?" అన్నాడు. కథలో ఏలికకు నేను పేరే పెట్టలేదు. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను గానీ, ఇంత శ్రద్ధగా చదివే పిల్లలు నాకెప్పుడూ దొరకలేదు.

క్షమాపణ రాసి జతచేశాను. "ఆ దుర్మార్గపు ఏలికను అచ్చం .......... గారిలా చిత్రించినందుకు చింతిస్తున్నాను" అని ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరి నాయకుడి పేరు వాళ్లు స్వహస్తాలతో నింపి, కింద సంతకం చేస్తే, కథ పక్కనే అచ్చువేయించు.

షాలిని మామ్మ