కోయిల ఇంగా రాలేదంట

ఆదివారం రాత్రి. ఉగాది ఇంగ వారంలోకి వచ్చింది.

పొద్దున కోయిల కూసింది. ఈ యేడు వినడం ఇదే మొదలు. ఇంటి ముందర వేపచెట్టు పూతలో దాక్కోని, గొంతు చించుకోని కూసింది.

ఏటా ఈ దినాల్లో నాయన నేస్తా నేస్తానే మగ్గం ఆపుతాడు. పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడె చేతిలో పట్టుకోని, తల పైకెత్తి చెవి పెడతాడు. ఇంట్లో అందరికన్నా ముందు ఆయనకే వినపడాల. "అదిగో పాపా, వచ్చేసింది!" అని అరుస్తాడు. కండెలు చుడతాండే అమ్మ రాట్నం ఆపి నవ్వుతాది.

ఈ పొద్దు కూడా ఆపినాడు. తల ఎత్తినాడు. కోయిల నెత్తి మీదనే కూస్తాండాది. శానాసేపు అట్లే ఉండి, "ఇంగా రాలేదేమే పాపా?" అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. ఇన్నాళ్లూ మేం పిలిస్తే నాయన పలక్కపోతే మగ్గం చప్పుడులే అనుకుంటిమి. ఈ పొద్దు మగ్గం ఆగే ఉండాది కదా.

"రాలేదు నాయనా. ఈసారి లేటు మాదిరుంది" అని దగ్గరికి పోయి గట్టిగా అన్నాను.

ఎందుకట్లన్నానో. నా మీద నాకే కోపంగా ఉండాది. కడపకు పిల్చుకపోయి చెవుల డాక్టరుకు చూపించాలంటే నిజం చెప్పాల్సిందే. రేపు పొద్దున మళ్లా మగ్గం ఆపుతాడు, మళ్లా అడుగుతాడు. అప్పుడేం చెప్పేది?

నేనట్లన్నాక నాయన మళ్లా మగ్గంలో కూచోలేదు. వాకిట్లోకి వచ్చి చెట్టునే చూస్తా నిలబడినాడు. పైన అది కూస్తానే ఉండాది.

"పూత ఇంత బాగా వచ్చింది, అది రాలేదే. దానికేమన్నా అయిందేమో పాపం" అన్నాడు.