అన్నిచోట్లా ఉండేవాడు

మార్చి 3

అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో గొంతు చించుకున్నాను. పార్కింగ్‌లో కెమెరాలు వద్దన్నాను. అయినా పెట్టేశారు. సెక్రటరీ నవ్వుతూ, ఈ రోజుల్లో కెమెరా లేనిదెక్కడ సార్, యుబిక్విటస్ కదా అన్నాడు. వాడికి ఆ మాట ఎవడు అరువిచ్చాడో! దాని మీదే వ్యాసం రాస్తాను. చీల్చి చెండాడతాను.

మార్చి 6, ఉదయం

లాటిన్‌లో యుబిక్వె అంటే అన్నిచోట్లా అని. దాన్నుంచి పుట్టిన మాట మొదట మతపండితులది. క్రీస్తు దేహం కూడా దేవుడిలాగే ఒకేసారి అంతటా ఉండగలదా అని తెగ కొట్టుకున్నారు. తర్వాత అది వేళాకోళమైంది. ఎక్కడ చూసినా ప్రత్యక్షమయ్యే పెద్దమనిషిని యుబిక్విటస్ అని ఎగతాళి చేశారు. ఇప్పుడు వస్తువులకి దిగింది. ఫోను, ప్లాస్టిక్, కెమెరా. అంతటా ఉందన్నాక ఇక ఎవరు పెట్టారు, ఎవరి కోసం పెట్టారు అని అడగక్కర్లేదు. వానలాగా దానంతటదే కురిసిందన్నమాట! ఎవడో ఒకడు నిచ్చెనెక్కి బిగించాడయ్యా.

మార్చి 9

అమ్మాయి ఇవాళా ఆలస్యం. ల్యాబ్ ఆరింటికే మూసేస్తారు. ట్రాఫిక్ నాన్నా అంది.

మార్చి 11

వ్యాసం కదల్లేదు. అమ్మాయి మళ్ళీ ఆలస్యం.

మార్చి 12

చెయ్యకూడని పని చేశాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

వాచ్‌మన్ దగ్గరికెళ్ళి నిన్నటి పార్కింగ్ వీడియో చూపించమన్నాను. వద్దన్నది తమరే కదండీ అన్నాడు. అమ్మాయి బండికి గీత పడిందని అబద్ధం ఆడాను. ఎవడో కుర్రాడు కనిపిస్తాడనుకున్నాను. ఆడపిల్లల స్వేచ్ఛ గురించి పేజీలు నింపేవాణ్ణి, నా కూతురి పక్కన కుర్రాడి కోసం తెరంతా గాలించాను.

ఎవడూ లేడు. అమ్మాయి బండికి స్టాండు వేసింది. హెల్మెట్ తియ్యలేదు. అలాగే బండి మీద కూర్చుంది. చాలాసేపు. తలెత్తి మా కిటికీ వైపు చూసింది. మళ్ళీ దించుకుంది. చివరికి లేచి, హెల్మెట్ తీసి, ముఖం తుడుచుకుని, ఒక నవ్వు తగిలించుకుని మెట్లెక్కింది.

ఇంతకీ గీత ఎక్కడండీ అన్నాడు వాచ్‌మన్.

మార్చి 13, సాయంత్రం

ఊరుకోవచ్చుగా? నోరు ఊరుకోదే. హెల్మెట్ పెట్టుకుని కింద అంతసేపు ఎందుకమ్మా కూర్చుంటావు అనేశాను.

వాళ్ళమ్మ చేతిలో గరిటె ఆగింది. నీకెలా తెలుసని అమ్మాయి అడిగింది. భద్రత, సమాజం అని ఏదో మొదలెట్టాను. ఇదిగో, ఇందుకే అంది. ల్యాబ్‌లో రోజంతా తిట్లు తిని వస్తాను, గడప దాటితే నీ ప్రసంగం రెడీగా ఉంటుంది, కింద బండి మీదైతే కాసేపు ఎవరూ మాట్లాడరు నాన్నా, ఎవరూ చూడరనుకున్నాను అంది. మెల్లగానే అంది. అరిచినా బాగుండేది.

మార్చి 14

వ్యాసం ఏదని ఎడిటర్ ఫోన్. రాయలేనన్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అవునన్నాను. అదీ అబద్ధమే. ఆ యుబిక్విటస్ ఎగతాళి ఎలాంటి పెద్దమనిషి కోసం పుట్టిందో తెలిశాక కలం పట్టుకోవడానికి సిగ్గేస్తోంది. దేవుడే ఉంటే, ఆయనైనా చూసి ఊరుకుంటాడు.

మార్చి 17

అడక్కుండానే అమ్మాయి నుంచి మెసేజ్‌లు. గేటు దాటాను. బండి పెట్టాను. వచ్చేస్తున్నాను.

బెల్లు మోగింది. తలుపు తీశాను. రోజూ తలుపు తీసుకుని వచ్చే తాళంచెవి తన చేతిలోనే ఉంది.