పొర చిరగని విత్తనం

అత్తా,

పొద్దున చేనికి వెళ్లి చూశాను. వేరుశనగ మొత్తం మొలిచింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఏ సాలులోనూ ఒక్క సందు లేదు. నువ్వుంటే కొంగు బిగించి నిలబడి ఊరందరినీ పిలిచి చూపించేదానివి.

ఈసారి విత్తనం నీలాగే ఏరాను. కాయలు చేత్తో ఒలిచి, ఎర్రపొర ఏ కాస్త చిరిగినా మొలవదని ఆ గింజను పక్కకు తోసేశాను. పక్కింటి ఈరమ్మ అప్పట్లో నిన్ను అన్న మాటే నన్నూ అంది. "ఏం చేస్తాండావే? మీ అత్త భయం నీకూ పట్టుకునిందా?"

కాలేజీలో చదివే నీ మనవరాలు ఆ మాట విని నవ్వింది. ప్రతిదీ మరీ పట్టిపట్టి చూసుకునేవాళ్లను ఇంగ్లీషులో మెటిక్యులస్ అంటారట. లాటిన్‌లో భయం అనే మాట నుంచి పుట్టిందట. మొదట పిరికివాళ్లను అలా అనేవారట. తర్వాత చిన్నచిన్న వాటికి కంగారుపడేవాళ్లను అన్నారట. ఇప్పుడేమో అది మెచ్చుకునే మాట అయిందట. "మన అవ్వ కోసమే పుట్టిందమ్మా ఈ మాట!" అంది.

నీ భయం నాకు తెలుసు. విత్తనం మొలవని ఏడు ఇంటికి తాళం వేసి, చంటిబిడ్డను చంకనేసుకుని, పరాయి ఊళ్లో మిరపకాయలు కోయడానికి సుగ్గికని వలస పోయావు.

ఇవాళ ఈరమ్మ మన గట్టు మీద శానాసేపు నిలబడింది. "వచ్చే ఏడు నా విత్తనం గూడా నువ్వే ఏరియ్యవే" అంది.

ఆ ఏడు ఇంటికి వేసిన తాళం ఇంకా నీ పెట్టెలోనే ఉంది, అత్తా. తుప్పు పట్టింది. పట్టనీ.