లోయ పోస్టు: స్పష్టం

అక్టోబరు 1

పొద్దున ఏడు. పోలీసు కంట్రోల్ రూంలో వైర్‌లెస్ సెట్ల రోల్‌కాల్. నేను వెనక కుర్చీలో. కాంట్రాక్టు మనిషిని కదా, మైకు ముట్టుకోకూడదు. ఆపరేటరు మౌలాలి మామ ఒక్కో పోస్టునూ పిలుస్తాడు. జవాబు. రిజిస్టరు గడిలో "స్పష్టం". ఇంకో పోస్టు. స్పష్టం. కొన్నిటికి వరండాలోకి పోయి వచ్చి రాస్తాడు. ఎందుకో.

పాత పేజీలు తిప్పాను. ఆరు నెలల్లో ఒక్క గడిలో కూడా వేరే మాట లేదు. ఇన్ని కొండలున్న జిల్లాలో. నాలుగేళ్ల ఇంజనీరింగులో ఇంత పతివ్రత లాంటి నెట్‌వర్క్ గురించి ఎక్కడా చదవలేదు.

అక్టోబరు 3

అమ్మ మగ్గం గుంటలో కూర్చునే అడిగింది. "నాలుగు నెల్లాయ, నువ్వేం పని చేస్తాండావో పక్కింటోళ్లకు చెప్పేకి రాల్యా నాకు."

చెప్పాను. పోలీసు, ఫైరు, అంబులెన్సు — ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలో కడప, కర్నూలు రెండు జిల్లాలకూ కలిపి పంచే ప్లాను. ఒకరి మాట ఇంకొకరి మాట మీద పడకుండా.

"గాలిని గూడా పంచుకుంటాండారా? చేన్లకు మాదిరి గెట్లేసి?"

గెట్లేసే.

"అయితే గెట్టు తగాదాలు వస్తాయి సూడు."

మా టీమ్ లీడరు సురేంద్ర సారుకు ఈ మాత్రం తట్టడానికి రెండు మీటింగులు పట్టింది.

అక్టోబరు 5

ఆదివారం. గండికోట చూడ్డానికి పోతున్నానని అమ్మకు చెప్పి, కోటకు పోకుండా పెన్న లోయలోకి దిగాను. చేతిలో సెట్టు. లోయ పోస్టులో ఒకే కానిస్టేబులు, ఓబులేసు, నా వయసువాడే. పైన అంచున టూరిస్టులు సెల్ఫీలు దిగుతూ ఉన్నారు. వాళ్లు వదిలిన చిప్స్ ప్యాకెట్లు ఒక్కొక్కటే మా మీదికి.

అడుగున మూడు చోట్ల సెట్టు నొక్కాను. గరగర. ఓబులేసు సెట్టూ నొక్కాను. గరగర. రెండు పక్కలా రాతి గోడలు. మాట యాడికి పోతుంది.

"మరి రోజూ ఏడింటికి స్పష్టం అంటున్నావు?"

"అంటాండా మేడం."

"ఎట్ల?"

ఫోను తీసి చూపించాడు. రోజూ ఏడింటికి మౌలాలి మామ నుంచి కాల్. "ఆ టయానికి నేను పైన టీ అంగడి కాడ ఉంటా. ఆడ గూడా సెట్టు అందదు, ఫోను తగుల్తాది. కిందికి దిగితే సెట్టూ లేదు, ఫోనూ లేదు."

దాచాలన్న ఆలోచన కూడా లేదు ఆ ముఖంలో. నాకు టీ ఇప్పించాడు.

అక్టోబరు 6

ఓబులేసు చెప్పిన ఇంకో సంగతి, నిన్న రాయలేకపోయాను.

పోయిన నెల సీతాఫలాలకని లోయలోకి దిగిన సుబ్బమ్మ జారిపడింది. తుంటి విరిగింది. ఓబులేసు పక్కనే ఉన్నాడు. సెట్టు చేతిలోనే ఉంది. అంబులెన్సుకు చెప్పడానికి కొండెక్కాడు.

"ముక్కాలు గంట ఎక్కినా మేడం. అంతసేపూ ఆయమ్మ ఒగతే అర్సుకుంటా ఉండాది. నేను తిరిగొచ్చేతలికి కోతులు గంపలో పండ్లు తింటాండాయి, ఆయమ్మ సూస్తా ఉండాది."

బతికింది. మంచంలోనే ఉంది. కూతురు పని మానుకుని చూసుకుంటోందట.

ఆఫీసులో ఆ నాటి పేజీ తీశాను. లోయ పోస్టు: స్పష్టం. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రిజిస్టరు మూసి చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు.

అక్టోబరు 8

మామను అడిగాను. టిఫిను డబ్బా మూత తీస్తూనే చెప్పాడు.

"సెట్లో పలక్కపోతే ఆ పిల్లోనికి మెమో పోతాది పాపా. సెట్టు సరిగ్గా పెట్టుకోల్యా అని. మెమోలో లోయ పేరు రాస్తారా ఎవురన్నా? మనిషి పేరే రాస్తారు."

ఇంకా ఎన్ని పోస్టులకు ఇట్ల?

వేళ్లు ముడిచాడు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చాడు.

"ఇంగ ఐదు నెల్లల్లో రిటైరు. నా చేతిమింద ఇంతవరకు ఒక్కనికి మెమో పోల్యా." ఇది గర్వంగా. సగం చపాతీ తుంచి నాకిచ్చాడు. తిన్నాను.

తిన్నందుకు రోత. ఆయన మీద కోపం రానందుకు ఇంకా రోత.

అక్టోబరు 9

అన్నీ స్పష్టం.

అక్టోబరు 10

కర్నూలు. మీటింగు.

రెండు జిల్లాలకూ కలిపి ఎవరికీ ఇవ్వకుండా మిగిలింది ఒకే ఒక్క జత. మాటను అందుకోవడానికి ఒక ఫ్రీక్వెన్సీ, తిరిగి పంపడానికి ఒకటి. లోయ అంచున రిపీటరు పెట్టి దానికి ఆ జత ఇస్తే కింది మాట పైకొస్తుంది. ఈ నాలుగు నెలల్లో నేను కట్టిన లెక్కల్లో పనికొచ్చేది అదొక్కటే.

ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి. ప్లేట్లు మ్యాపు మీదే పెట్టారు.

ఎవరో కోసిగి పక్క సెట్లు అందడం లేదన్నారు. వెంటనే ఇంకొకాయన, నోట్లో బజ్జీ ఉండగానే — "కోసిగిలో ఎవరుంటారప్పా, సగం ఊరు సుగ్గికని కూలి పనులకు పోయింటాది. బీగాలేసిన ఇండ్లతో మాట్లాడేకి సిగ్నలా?" నవ్వులు. అడిగినాయన కూడా నవ్వాడు. అది చూడలేకపోయాను.

మిగిలిన జతను సురేంద్ర సారు పెద్దల కాన్వాయికి రాసేశాడు. కాన్వాయికి ఇప్పటికే రెండున్నాయి. మరి ఎందుకంటే... ఆ జత అంకెలన్నీ కూడితే తొమ్మిది. "పెద్దాయన బండి నంబరూ తొమ్మిదే గదప్పా. అడగకముందే ఇచ్చినామంటే శానా సంతోషపడ్తాడు." కూడి చూసుకున్నారు, ఒకాయన ఫోను క్యాలిక్యులేటర్లో. తొమ్మిదే. తలలూపారు.

"కడప సైడు సెట్లు అందని గుంతలేమన్నా ఉండాయా?" అని సారు నా లాప్‌టాప్‌ను అడిగి, "లాగులో ఒక్కటీ లేదు" అని తనే చెప్పుకున్నాడు. లాగంటే మామ రాసే రిజిస్టరే.

లోయకు రిపీటరు కావాలని రాసిన కాగితం నా బ్యాగులో ఉంది. తియ్యలేదు. తీస్తే రిజిస్టరు అడుగుతారు, రాసిందెవరని అడుగుతారు, మామ...

అబద్ధం. మామ తర్వాత గుర్తొచ్చాడు. ముందు గుర్తొచ్చింది నా కాంట్రాక్టు.

ప్లేటు తీశాక మ్యాపు మీద నూనె మరక. మా లోయ మీదే. కాగితం పలచబడి కింద బల్ల కనిపిస్తోంది.

అక్టోబరు 13

అభ్యంతరాలకు శుక్రవారం సాయంత్రం ఐదు దాకా గడువు. ఆ తర్వాత ప్లాను మూసేస్తారు. మళ్లీ తెరిచేది ఎన్నేళ్లకో.

సారుకు ఫోను చేశాను. లోయలో నేనే దిగి చూశానన్నాను.

"లాగులో లేని గుంత భూమ్మింద లేదమ్మా. లాగే తప్పంటావా? అయితే రాసినోని పేరు పెట్టి పంపు. చేరి నాలుగు నెల్లు కాల్యా, ఒక ముసలాయన్ను సస్పెండు చేపిస్తావు. మంచిదే." నవ్వాడు. "అయినా ఆడపిల్లవు, లోయలెందుకు దిగుతాండావు?"

ఆ నవ్వు ఇంకా చెవిలో జిగటగా ఉంది.

అక్టోబరు 14

అమ్మకు చెప్పాను. మగ్గంలో నాడె ఆడించడం ఆపకుండానే వింది.

"పోగు తెగినపుడు తెగల్యా అని నేసుకుంటా పోతే గుడ్డ బారు పొడుగునా గీత పడ్తాది."

ఆపింది అప్పుడు. "అయితే పోగు తెంపింది ఆ సాయిబన్న కాదు గదా మే."

కాదు. కానీ దొరికేది ఆయనే.

అక్టోబరు 16

అభ్యంతరం రాశాను. రెండు కాపీలు. ఒకదాంట్లో రిజిస్టరు సంగతి ఉంది, ఇంకోదాంట్లో లేదు. లేనిదాన్ని ఎవడూ చదవడు. ఉన్నదాన్ని మామకు ఇచ్చాను. వెనక నుంచి పొడవడం నాకు చేతకాదు, ఎదురుగా పొడుస్తాను అన్నట్టు.

కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. "అక్షరం బాగుండాది" అన్నాడు. మడతపెట్టి తిరిగిచ్చాడు.

కోప్పడి ఉంటే ఎంత బాగుండేది.

అక్టోబరు 17

శుక్రవారం.

ఏడింటికి మామ జేబులోంచి ఫోను తీసి కిటికీ గూట్లో పెట్టాడు. వరండాలోకి పోలేదు. మైకు పట్టుకున్నాడు. అందే పోస్టులన్నీ అయ్యాయి. తర్వాత లోయ పోస్టును పిలిచాడు. సెట్లోనే.

గరగర.

మళ్లీ పిలిచాడు. మూడోసారి, గొంతు పెంచి, పొలం అవతలివాణ్ని పిలిచినట్టు.

గరగర. పెన్ను గడి మీద ఆగింది.

గూట్లో ఫోను మోగింది. ఓబులేసు. మామ స్పీకరు నొక్కాడు.

"ఏం మామా, ఏడు దాటిపాయ, నీ ఫోను రాల్యా. ఒంట్లో బాగుండాది గదా? భయపడితి."

"బాగుండా నాయనా. సెట్లో పిలిస్తి. వినపడల్యా?"

వెనక టీ అంగడి గ్లాసుల చప్పుడు.

"సెట్లోనా? సెట్లో ఎందుకు పిలుస్తివి మామా?"

మామ ఫోను పెట్టేశాడు. నా వైపు చూడలేదు. "టీకి పోయొస్తా పాపా." రిజిస్టరు మూయలేదు. పెన్ను దాని మీదే.

ఇప్పుడు పదకొండు. ఇంకా రాలేదు. ఈ పేజీ ఆయన బల్ల దగ్గరే రాస్తున్నా.

సురేంద్ర సారు మెసేజ్ — ఈరోజు లాగు ఫొటో పంపు, ఫైలు మూసేయాలి.

వరుసగా స్పష్టం, స్పష్టం, స్పష్టం... లోయ పోస్టు ఎదురుగా, దాని కింది అందని పోస్టుల ఎదురుగా ఏమీ లేదు. పెన్ను తీసి పక్కన పెట్టి ఫొటో తీశాను.

వరండాలో చెప్పుల చప్పుడు. మామవే అనుకుంటా. ఫొటో గానీ అభ్యంతరం గానీ ఇంకా పంపలేదు.