పడమటి గోడకు పిచ్చుక గూళ్లు

మార్చి 2013, ఆదివారం రాత్రి

నారాయణగూడ దాకా నడిచి వచ్చినా కోపం దిగలేదు. అశోక్‌నగర్‌లో మా కాలనీ సంఘానికి అధ్యక్షుడైనంత మాత్రాన పిచ్చుకలు కూడా నరసింగరావు గారి మాట వింటాయా?

పోయిన వేసవిలో సంఘం వాళ్లు తమ పేరు రాయించి చెక్క గూళ్లు కొట్టించారు. మధ్యాహ్నం ఎండంతా కొట్టే, రోడ్డు వైపున్న పడమటి గోడ మీదివాటిలోకి పిచ్చుకలు గడ్డి మోశాయి గానీ, ఒక్క పిల్ల కూడా బయటికి ఎగరలేదు. మా మెట్ల కింద నీడలో కట్టిన గూట్లోంచి మాత్రం పిల్లలు ఎగిరాయి. వేసవంతా రెండు చోట్లా కనిపెట్టి చూశాను. ఇవాళ మళ్లీ, ఫొటోలు తీసేవాణ్ని కూడా పిలిపించి, అదే గోడకు కొత్తవి కొడుతుంటే ఆ సంగతే చెప్పాను. ముందు సగం నీడలో పెట్టి, ఎక్కడ పిల్లలు బతుకుతాయో చూసి, తర్వాత మిగతావి కొట్టించమన్నాను.

"పుణ్యానికి చేసే పనికి గీ పరీక్షలేంది మేడం?" అన్నాడాయన. "నీడల పెడితే మన సంఘం పేరు రోడ్డు మీదికి ఎట్ల కనబడతది?"

వాచ్‌మన్‌తో పాత గూడొకటి దింపించి మూత తీయించాను. లోపల గడ్డికి అతుక్కుపోయి ఎండిన పిల్లలు. అందరూ చూశారు. ఆయనా చూశాడు.

"గది జర పక్కకు పెట్టు, ఫొటోల పడతది," అన్నాడు వాచ్‌మన్‌తో.

అంతలోనే ఒక పిచ్చుక నోట్లో గడ్డిపరకతో వచ్చి కొత్త గూటి మీద వాలింది. దాన్ని తరుముదామని చెయ్యెత్తాను. ఫొటోలు తీసేవాడు నన్ను పక్కకు జరగమన్నాడు.