కేకకో నాణెం

అక్కా, నమస్కారం.

ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. నువ్వైనా క్షేమమని తలుస్తాను.

నిన్న మీ మేనకోడలికి స్కూలు బూట్లకని డబ్బిచ్చి పంపాను. తొమ్మిదేళ్ళొచ్చాయి, కొట్టు వీధి చివరే కదా, కొనుక్కొస్తుందిలే అనుకున్నాను. సాయంత్రం పాత బూట్లతోనే వచ్చింది. డబ్బేదమ్మా అంటే, క్లాసులో అందరికీ ఐస్‌క్రీములు కొనిపెట్టానంది. "అందరికీనా?" అన్నాను. "ఒకమ్మాయికి జలుబు నాన్నా, తనకి బిస్కెట్లు" అంది.

అరిచాను. బస్సు కండక్టరు అరుపు ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. డ్యూటీ బట్టలు విప్పి కొక్కేనికి తగిలిస్తాను గానీ, ఈ గొంతుని తగిలించే కొక్కెం ఇంట్లో లేదు. పిల్ల మంచం కిందకి దూరింది. మీ మరదలు నాతో మాట్లాడడం మానేసింది.

నువ్వు ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదానివి. బావగారు పోయాక ఒక్కదానివే కొడుకుని పెంచి బ్యాంకు ఉద్యోగిని చేశావు. ఏనాడూ గొంతు పెంచినట్టు వినలేదు. నాకేదైనా దారి చెప్పు.

దిక్కుతోచని
నీ తమ్ముడు

తా.క. మన పై వాటాలో ఉండే సంగీతం మాస్టారు నా అరుపు విని, ఇంటికి నిప్పంటుకుందనుకుని పెట్టెతో సహా కిందకి దిగారు. ఆయన దిగిన వేగం చూస్తే ఆ పెట్టె ఎప్పుడూ సర్దే ఉంటుందేమోనని అనుమానంగా ఉంది.

*

తమ్ముడికి ఆశీస్సులు.

ముందు మంచినీళ్ళు తాగి, కూర్చుని ఈ ఉత్తరం చదువు.

పిల్లకి డబ్బు విలువ చెబితే రాదు, చేతిలో ఉంటే వస్తుంది. వారం వారం కొంచెం డబ్బివ్వు. ఒక డబ్బా కూడా ఇచ్చి, ఖర్చు పెట్టగా మిగిలింది అందులో వేసుకోమను. ఇక నీ సంగతి. కోపం వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదులు. అప్పటికీ అరిచావంటే, కేకకో నాణెం చొప్పున దాని డబ్బాలో జరిమానా వెయ్యి. దానికి పొదుపు, నీకు అదుపు, రెండూ అలవాటవుతాయి.

మీ అక్క

తా.క. ఈ ఏర్పాటు పిల్లకి వివరించేటప్పుడు అరవకు.

*

అక్కా, నమస్కారం.

అరవకుండానే వివరించాను. అరిచావంది పిల్ల. మొదటి నాణెం అక్కడే పోయింది.

నా మామూలు మాటే అరుపట. ఉప్పు ఇటివ్వమన్నా నాణెమే, తలుపు వెయ్యమన్నా నాణెమే. ఇది అన్యాయమని గట్టిగా అన్నాను, దానికి రెండు. తీర్పు చెప్పడానికి పై వాటా మాస్టారిని పెట్టుకుంది. నేను నోరు తెరిస్తే చాలు, ఆయన మెట్ల మీంచి "శ్రుతి మించింది" అంటారు. ఆయనకి అందులో వాటా ఉందని నా నమ్మకం.

పిల్లకి పొదుపు బాగానే పట్టుబడింది, సందేహం లేదు. కానీ అది కూడబెడుతున్నది నా జీతం. నన్ను అరిపించడమే ఇప్పుడు దాని ఉద్యోగం. పొద్దున్నే సరిగ్గా డ్యూటీకి బయల్దేరే వేళకి నా మేజోడు ఒకటి మాయమవుతుంది. నేను అరుస్తాను. మేజోడు దొరుకుతుంది. డబ్బా గలగలమంటుంది. ఇలా అయితే నేను ఈ నెల ఎలా గట్టెక్కాలి?

నీ తమ్ముడు

తా.క. మీ మరదలు నాతో మాట్లాడింది. సంతోషించేలోగానే, పెళ్ళయిన నాటి నుంచి అరిచినవాటి పాత బకాయి సంగతేమిటని అడిగింది.

*

తమ్ముడికి ఆశీస్సులు.

నాలుగు నాణేల కోసం ఇంత గోలేమిట్రా? అరవకపోతే ఖర్చే లేదు కదా! నోరు కట్టుకుని కూర్చో. మావాడు తప్పు చేస్తే నేనేం చేసేదాన్నో తెలుసా? ఒక్కసారి చూసి, నవ్వి ఊరుకునేదాన్ని. వాడే సర్దుకునేవాడు.

ఇంకొకటి. పిల్ల ముందు ఇంటి రాబడి, ఖర్చు దాచకు. కూర్చోబెట్టి అన్నీ చూపించు. బాధ్యత తెలిస్తే మేజోళ్ళు దాచదు.

మీ అక్క

తా.క. పాత బకాయి విషయంలో మరదలు అడిగింది సబబే.

*

అక్కా, నమస్కారం.

రెండూ చేశాను. రెండు విధాలా మునిగాను.

నోరు కట్టుకోవడం అలవాటయ్యాక అది బస్సులోనూ విప్పుకోలేదు. స్టాపుల పేర్లు పిలవలేదు. ఆసుపత్రి దగ్గర దిగాల్సిన ముసలాయనని చేపల మార్కెట్టు దాకా తీసుకుపోయాను. డిపో మేనేజరు పిలిచి, "నువ్వు కండక్టరువా, ప్రయాణికుడివా?" అన్నారు. దానికీ నేను జవాబు చెప్పలేదు.

దాని సంగతి అటుంచు. ఇంటి లెక్కలు పిల్లకి చూపించాను. అద్దె, కరెంటు, నా జీతం, అన్నీ. చాలాసేపు చూసి, "అయితే నెలాఖరుకి ఏమీ ఉండదా నాన్నా?" అంది. అంతే. ఆ రోజు నుంచి ఏదీ అడగడం లేదు. బూటుకి చిల్లు పడితే లోపల అట్టముక్క పెట్టుకుంది. పద, కొత్తవి కొందామన్నాను. "వచ్చే నెల చూద్దాంలే" అంది. అది నా మాటక్కా. నేను మీ మరదలితో అనే మాట, అచ్చు నాలాగే అంది.

మంచం కింద దూరిన రోజున కూడా నాకింత భయం వెయ్యలేదు. పిల్లని మార్చమంటే ముసలిదాన్ని చేసి పెట్టాను.

నీ తమ్ముడు

తా.క. మేనల్లుడిని పంపినందుకు సంతోషం. మధ్యాహ్నమంతా పిల్ల దగ్గరే కూర్చుని డబ్బు ఎలా పెంచాలో చెప్పాడు. మేమిద్దరం తలుపు చాటు నుంచి కాసేపు విని చాలా నేర్చుకున్నాం.

*

తమ్ముడికి ఆశీస్సులు.

నేను పంపలేదురా! వాడు ఆఫీసు ట్రైనింగుకని ఊరెళ్ళాడు. అంత పనిలోనూ దారిలో ఆగి మరదలు పిల్లకి పాఠం చెప్పి వెళ్ళాడంటే నాకు కళ్ళు చెమర్చాయి. చూశావా, ఒక్క కేక కూడా వినకుండా పెరిగిన పిల్లాడు ఎలా తయారవుతాడో!

మీ అక్క

తా.క. ట్రైనింగు ఏ ఊళ్ళోనో నీతో ఏమైనా అన్నాడా? నాకు చెప్పడం మరిచాడు. ఫోను కూడా ఎత్తడం లేదు. పనిలో మునిగిపోయినట్టున్నాడు.

*

అక్కా,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. పిల్ల బూట్లకి దాని డబ్బాలోంచే తీద్దామని మూత తీశాను. ఖాళీ.

నేను అరవలేదు. అదుపు వల్ల కాదు, అరవడం గుర్తే రాలేదు. పక్కన కూర్చుని అడిగాను.

"బావకిచ్చాను. బావ ఏడ్చాడు నాన్నా. అంత పెద్దవాళ్ళు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు."

"ఎందుకేడ్చాడమ్మా?"

"బ్యాంకులో వేరేవాళ్ళ డబ్బు వాడేసుకున్నాడట. మళ్ళీ పెట్టెయ్యాలట. అత్తకి చెప్పొద్దన్నాడు."

"ఎందుకు చెప్పొద్దు?"

"అత్త ఏమీ అనదట. ఊరికే చూస్తుందట. నేను చెప్పాను, మా నాన్నకి చెప్పు బావా, గట్టిగా అరుస్తాడు, తర్వాత అన్నానికి పిలుస్తాడు అని. బావ ఇంకా ఏడ్చాడు."

దాని డబ్బా వాడికి ఏ మూలకీ రాదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. అయినా తీసుకున్నాడంటే ఎంత లోతులో ఉన్నాడో. వాడిని ఏమీ అనకు అని రాయబోయి ఆగాను.

నీ తమ్ముడు

తా.క. దీనికి తా.క. లేదు.

*

తమ్ముడికి,

నీ ఉత్తరం కంటే ముందే బ్యాంకువాళ్ళు వచ్చారు. వాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారు, నేనూ మర్యాదగానే మాట్లాడాను. మా ఇంట్లో అందరం మర్యాదస్తులమే. నా పేర దాచుకున్న డబ్బు కూడా లేదట. ఎప్పుడో మావాడు సంతకం పెట్టమంటే, చదవకుండా నవ్వుతూ పెట్టాను.

వాడు నిన్న ఇంటికొచ్చాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నేను నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలాను, నీకు చెప్పినట్టే. "అమ్మా, ఏదో ఒకటి అను" అన్నాడు. నోరు తెరిచాను. "కాళ్ళు కడుక్కున్నావా?" అని వచ్చింది. వాడు లేచి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. ఇప్పటిదాకా తియ్యలేదు. లోపల మసలుతున్న చప్పుడు వినపడుతోంది, అదొక్కటే ధైర్యం.

తలుపు దగ్గర నిలబడి అరవాలని చూశాను. దగ్గు వచ్చింది. ఇన్నేళ్ళూ నాకు కోపం లేదనుకున్నాను. ఉంది, దాన్ని బయటికి తెచ్చే దారే నాకు తెలియదు. నేను ప్రశాంతంగా ఉంటే వాడు సర్దుకున్నాడనుకున్నాను. వాడు నాకు చెప్పడం మానేశాడంతే.

సెలవు దొరికితే దొరికింది, లేకపోతే లేదు. ఈ ఉత్తరం అందగానే పిల్లని తీసుకుని బయల్దేరు. వచ్చి వాణ్ణి నా బదులు నాలుగు అరవరా. తర్వాత అన్నం నేను పెడతాను.

మీ అక్క

తా.క. లోపలికి వచ్చేదాకా ఆగకు. వీధి గుమ్మంలోనే మొదలుపెట్టు. వాడి గది ఇంటికి చివర ఉంది.